చదివానని అబద్ధం చెప్పాను

‘వేయిపడగలు’ నేను పూర్తిగా చదవలేదు. బెజవాడలో పుట్టి, పుస్తకాల పిచ్చోడని పేరు తెచ్చుకున్నాక ఈ మాట పైకి అనడానికి నాకు పదేళ్లు పట్టింది. విశ్వనాథ సత్యనారాయణ గారు ఆ నవలని 29 రోజుల్లో ఆశువుగా చెప్పి తమ్ముడితో రాయించారంటారు. నేను మూడుసార్లు మొదలుపెట్టి సగం దాటలేకపోయాను. పసిరిక గుర్తుండిపోయాడు. ధర్మారావు ఉపన్యాసం అందుకున్నప్పుడల్లా ఇంకా ఎన్ని పేజీలున్నాయో లెక్కపెట్టుకున్నాను.

చదవలేకపోవడం తప్పు కాదు. చదివానని చెప్పడం తప్పు. ఆఫీసులో నాకంటే పదేళ్లు చిన్న కుర్రాడొకడు, “అన్నా, తెలుగులో దేంతో మొదలుపెట్టను?” అని అడిగాడు. నేను పెద్దమనిషిలా ‘వేయిపడగలు’ అన్నాను. జనవరి పుస్తక మహోత్సవంలో కొనుక్కున్నాడు. మళ్లీ కలిసినప్పుడు, “మనకి తెలుగు ఎక్కదులే అన్నా” అన్నాడు. వాణ్ణి తెలుగుకి దూరం చేసింది విశ్వనాథ కాదు, నేను.

నన్ను పాఠకుణ్ణి చేసింది లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల మధ్య దొరికిన ‘సెక్రటరీ’ అని వాడికెందుకు చెప్పలేదు? రాసిన యద్దనపూడి సులోచనారాణిది మన కృష్ణా జిల్లా కాజే. రాజశేఖరం లాంటి మగాడు ఎక్కడా ఉండడని నాకూ తెలుసు. అయినా తెల్లారేదాకా పడుకోలేదు. అది దాచుకోవాల్సినంత సిగ్గుపడే పనా?

చలం ‘మైదానం’ వచ్చింది 1927లో. ఆ తెగువకి దండం. కానీ రాజేశ్వరి మాటల హోరులో అమీర్ నాకు మనిషిగా కనబడలేదు. ఈ మాట అంటే చలం అర్థం కాలేదంటారు. కావచ్చు.

కోడ్ రివ్యూలో చదవకుండానే “బావుంది” అని అప్రూవ్ కొట్టేవాణ్ణి ఎవరూ నమ్మరు. మన పుస్తక సభల్లో మాత్రం వాడికి శాలువా కప్పుతాం. ప్రతి పుస్తకమూ అద్భుతమే, ప్రతిదీ తప్పక చదవాల్సిందే అయితే, కొత్తగా వచ్చినవాడు దేన్ని నమ్మాలి?

సామాన్య పాఠకుడి అభిప్రాయానికి విలువేంటంటారా? నాకు అలంకారశాస్త్రం రాదు. కానీ ఏ పేజీ దగ్గర నిద్రొచ్చిందో నాకు తెలుసు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో బహుమతిని ‘వేయిపడగలు’, ‘నారాయణరావు’ రెంటికీ పంచారు. పండితులే ఒక్కదాన్ని తేల్చలేదు, మనమెందుకు ఒకే గొంతుతో పొగడాలి?

మొన్న ఆ కుర్రాడికి గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ ఇచ్చాను. చిన్న పుస్తకం. అన్నీ తర్కించి ఏ పనీ చెయ్యలేని సీతారామారావులో నన్ను నేను చూసుకుని భయపడ్డానని కూడా చెప్పాను. “నచ్చకపోతే నచ్చలేదనే చెప్పు” అన్నాను. సగంలో ఉన్నాడట. ఎలా ఉందని నేనింకా అడగలేదు.