'నిద్రమాత్రలు మింగిందట!'

ఆడమనిషి ఏ మాత్రలు మింగినా మన ఊళ్ళలో వినిపించే మాట ఒకటే: "నిద్రమాత్రలు మింగిందట!" పరిశోధన కోసం తిరిగినప్పుడు నేను కలిసిన ఒకామె మింగినవి నిద్రమాత్రలు కావు. దిగులుకి డాక్టరు రాసిచ్చిన అమిట్రిప్టిలిన్. "అంతా నాటకం, మత్తు దిగితే అదే లేస్తుంది" అని ఇంట్లోవాళ్ళు ఊరుకున్నారు. ఫిట్స్ వచ్చాకే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ నాడి చూడకముందే పోలీసులకు చెప్పారా అని అడిగారు. ఆమె బతికింది. కానీ ఒక స్త్రీ ప్రాణం అదృష్టం మీద ఆధారపడవలసిందేనా?

అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ వంటివి పాతతరం మందులు. చవక. అమిట్రిప్టిలిన్‌ను మైగ్రేన్‌కీ, నరాల నొప్పికీ కూడా రాస్తారు. సరైన మోతాదులో మేలు చేసేవే కనుక భయపడి ఎవరూ సొంతంగా మానెయ్యకూడదు. మోతాదు మించితే మాత్రం అవి గుండె కణాల్లోకి సోడియం వెళ్ళే దారులను అడ్డుకుంటాయి. గుండె లయ తప్పుతుంది, రక్తపోటు పడిపోతుంది. మెదడు మీద ప్రభావంతో మగత, పొంతనలేని మాటలు, ఫిట్స్, కోమా వస్తాయి. మాట్లాడుతూ కూర్చున్న మనిషి కొద్ది గంటల్లోనే కూలిపోవచ్చు. ఈ ముప్పును ఈసీజీ ముందుగానే పట్టివ్వగలదు. వేళకు సోడియం బైకార్బనేట్ ఎక్కిస్తే గుండెను కాపాడవచ్చు. కొత్తతరం మందుల్లో ముప్పు తక్కువే అయినా, సిటలోప్రామ్ వంటివి గుండె లయను చెడగొట్టగలవు.

అంటే 'నాటకం' అని కొట్టిపారేసిన ఆ గంటలే చికిత్సకు విలువైన గంటలు. స్త్రీ బాధను నమ్మకపోవడం అనే పాత అలవాటు ఇక్కడ నేరుగా ప్రాణం తీస్తుంది.

చట్టం మన వైపే ఉంది. ముందు వైద్యం, తర్వాతే పోలీసు లాంఛనాలు అని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, చికిత్స, పునరావాసం ప్రభుత్వ బాధ్యత అనీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. అయినా కేసు భయం, పరువు భయం ఇంకా గడప దాటనివ్వడం లేదు.

కనుక కార్యకర్తలుగా మనం చెయ్యవలసినవి కొన్ని ఉన్నాయి. ఎవరైనా మాత్రలు మింగారని తెలిస్తే, బాగానే కనిపిస్తున్నా, ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. మాత్రల అట్ట వెంట తీసుకెళ్ళాలి. ఈసీజీ తీయమని గట్టిగా అడగాలి. తెలివి వచ్చాక, భర్తా అత్తా లేనిచోట ఆమెతో మాట్లాడాలి. ఆ తర్వాతా ఆమెను ఒంటరిగా వదలకూడదు. ఏ వేళలోనైనా మాట్లాడడానికి టెలీమానస్ 14416 ఉంది.

ఎందుకు మింగావు అన్న ప్రశ్న అవసరమే. కాని అది ఆమెను నిలదీసే ప్రశ్న కాకూడదు. ఆమె బతికాక ఆ ఇంటినీ, మనందరినీ అడగవలసిన ప్రశ్న.