డాలరు కరవు: పరుల వాకిట పడిగాపులు

నిజాము రాజ్యమున వరంగల్లు వర్తకుని పెట్టెలో హాలీ సిక్కా ఎంత యున్నను, బెజవాడ సరకు దింపుకొనవలెనన్న కల్దారు రూపాయియే కావలెను. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు ఆనాటి మారకము. ధనము తన యింటనున్నను చెల్లుబాటు పరుల టంకసాలలో నుండెను. నేడు లోకమంతయు ఆ వర్తకుని స్థితిలోనే యున్నది. నేటి కల్దారు డాలరు.

బ్యాంకులు స్వల్పకాలమునకు డాలర్లు అప్పు తెచ్చి దీర్ఘకాలపు అప్పులిచ్చును. ఋణదాతలు ఒక్కనాడు చేయి ముడిచినచో, ఆస్తులెన్ని యున్నను డాలరు పుట్టదు. 2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ కూలినప్పుడు జరిగినది ఇదియే. అప్పుడు అమెరికా ఫెడరల్ రిజర్వు పదునాలుగు కేంద్ర బ్యాంకులకు తలుపు తెరచెను. వారి నాణెమును పుచ్చుకొని డాలర్లిచ్చి, గడువునాడు అదే ధరకు తిరిగి మార్చుకొనుట ఆ యేర్పాటు. బ్రెజిల్, మెక్సికో, దక్షిణ కొరియా, సింగపూరులకు ఒక్కొక్కదానికి 3,000 కోట్ల డాలర్ల వరకు హక్కు దొరకెను. భారతదేశమునకో? లేదు. 2020 మార్చిలో కరోనా భయముచే మరల కరవు వచ్చెను, మరల తలుపు తెరచిరి, మరల మన పేరు లేదు. తక్కినవారికి వేరొక కిటికీ చూపిరి: అమెరికా ఋణపత్రములు కుదువ పెట్టిన డాలర్లిత్తురట! తమకు ముందే అప్పిచ్చినవానికే అప్పన్నమాట.

తలుపు తెరవబడనివానికి మిగులునది తాకట్టే. దాని రుచి మనమెరుగుదుము. 1991 జూలైలో సుమారు 47 టన్నుల బంగారమును బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు, బ్యాంక్ ఆఫ్ జపానుల వద్ద కుదువ పెట్టి 40 కోట్ల డాలర్లు తెచ్చుకొంటిమి. నాటి ప్రధాని మన జిల్లా లక్నేపల్లిలో పుట్టిన పాములపర్తి వెంకట నరసింహారావుగారు. అటుపిమ్మట దేశము డాలరు నిలువలు కూడబెట్టినది. 2008 నవంబరులో విదేశములందలి మన బ్యాంకుల శాఖలకు రిజర్వు బ్యాంకు డాలర్లందించినది ఆ నిలువల బలముననే.

కాని ఆ బలము ఎవరికొరకు వెచ్చింపబడుచున్నది? 2013లో డాలరు 68 రూపాయలు దాటినపుడు, ప్రవాసుల డాలరు డిపాజిట్లు తెచ్చు బ్యాంకులనుండి ఏటా నూటికి మూడున్నర మాత్రము గొని, మారకపు నష్టభారమును రిజర్వు బ్యాంకు తలకెత్తుకొనెను. బజారులో ఆ పూచీ వెల అంతకు మిక్కిలి హెచ్చు. ఇట్టి రాయితీలవలన సుమారు 3,400 కోట్ల డాలర్లు వచ్చెను, రూపాయి నిలిచెను. కాదనము. కాని ఆ రాయితీ ప్రజల సొమ్ము. ఏనుమాముల మార్కెటుకు పత్తియు మిరపయు తెచ్చు రైతు కష్టమును విదేశపు బేరములే తూచుచున్నవి. అతనికి ఇట్టి పూచీ నెవ్వరిచ్చిరి?

తక్కువ వడ్డీకి ఆశపడి డాలరు అప్పు తెచ్చు కంపెనీలు మారకపు రక్షణను పూర్తి వెలకు తామే కొనవలెను. కొననివారికి బ్యాంకులు అప్పీయరాదు. చమురునకు, ఎరువులకు కూడబెట్టిన నిలువను వారి జూదమునకు పూచీగా నుంచుట మాకు సమ్మతము కాదు.