పిల్లికి బిచ్చం పెట్టే ముందు కాటా పెట్టండి



ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాము, కొంచెం కోపంగా కూడా. పూర్తిగా చదివినంక తిట్టండి. మా ఇంట్లో ఇద్దరి చదువూ తమిళ బడిలోనే. తెలుగు అక్షరాలు రిటైరైనంక కూర్చొని నేర్చుకొంటిమి. అక్షరంలో తప్పుంటే సర్దుకోండి. విషయంలో తప్పుంటే మాత్రం విడిచిపెట్టొద్దు.

మన భాషలో ఒక తిట్టుంది. పిసినారిని చూసి, వాడు పిల్లికి కూడా బిచ్చం పెట్టడు అంటాం. మన సంఘంలో అట్లాంటి మనిషి ఒక్కరు లేరు. మండపం వెనక కట్టెల కొట్టంలో తల్లిలేని మూడు పిల్లి కూనలకు అందరూ పెట్టినారు. ఒకరు పాకెట్ పాలు, ఒకరు పెరుగన్నం, ముహూర్తం రోజు ఒకరు మిగిలిన సాంబారన్నం. ఎప్పుడు చూసినా కొబ్బరి చిప్ప నిండుగానే ఉండేది. ఆ నిండు చిప్ప పక్కనే రెండు కూనలు చచ్చిపోయినాయి.

పాలు పోసినవాళ్ళలో మేమూ ఉన్నాము. ఆ తప్పు మా నెత్తిన కూడా వేసుకొనే మాట్లాడుతున్నాము.

మూడోదాన్ని ఇంటికి తెస్తిమి. వీపు ఎముకలు చేతికి తగులుతా ఉన్నాయి, పొట్ట మాత్రం ఉబ్బి ఉంది. చూసినవాళ్ళు “బాగా తిన్నట్టుందే” అన్నారు. అది తిండి పొట్ట కాదు, పురుగుల పొట్ట. పశువుల డాక్టరు పళ్ళు చూసి ఆరు వారాల వయసుంటుంది అన్నారు. కాటా మీద పెడితే 340 గ్రాములు. పిల్లి కూన పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములుంటుంది. ఆరోగ్యంగా ఉంటే రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాల. ఆ లెక్కన ఆరు వారాలకు 600 దగ్గర ఉండాల. మనందరం కలిసి పెట్టి పెట్టి సగంలో నిలబెట్టినాము.

పిల్లి అంటే పాలు అని మనకు నేర్పింది ఎవరు? తెనాలి రామన్న కథ. తమిళ బడిలో మేమూ ఆ కథ చదివినాము. రాయలవారు ఇంటింటికీ పిల్లినిచ్చి, దాని పాలకోసం ఆవునూ ఇచ్చినారు. రామన్న కాగే పాలు పెట్టి మూతి కాల్చినాడు. పాలు తాగని ఆ పిల్లి చిక్కిపోయింది, మిగతావాళ్ళ పిల్లులు బలిసినాయి. కథ బాగుంది. కానీ ఆ పిల్లుల్ని పెంచమన్నదే ఎలుకల బాధకు అని మరిచిపోయినాము. ఎలుకలు తినే పెద్ద పిల్లులు అవి. మనం పోసింది నెలన్నర కూనకు.

పిల్లి పాలలో మాంసకృత్తులు ఆవు పాలకంటే రెండింతలు ఉంటాయి. ఆవు పాలలోని చక్కెరను కూన పేగు సరిగ్గా అరిగించుకోలేదు. బేదులు పట్టుకొంటాయి. అంత చిన్న ఒంట్లో నీళ్ళు పోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణమే పోతుంది. చిప్ప ఖాళీ అయింది, అంటే తాగింది అని మనం సంతోషపడతాం. తాగింది కిందనుంచి పోయింది అని ఎవరూ వంగి చూడలేదు.

ఇంక పెరుగన్నం సంగతి. మనలో చాలామంది శాకాహారులు. మంచిదే, అది మన నియమం. పిల్లి ఆ నియమం పెట్టుకోలేదు, పెట్టుకోలేదు కూడా. మాంసంలో, చేపలో ఉండే టౌరిన్ అనే పదార్థం పిల్లి ఒంట్లో చాలినంత తయారు కాదు. అది తక్కువైతే కంటి చూపు పోతుంది, గుండె బలహీనమవుతుంది. ఈ గుండె జబ్బు సంగతి 1987లోనే అమెరికా పరిశోధకులు తేల్చినారు. సాంబారన్నం ఇంకా మోసం. అందులోని ఉల్లిపాయ పిల్లి రక్తాన్ని చెరుపుతుంది. ఇంకొక మాట, జ్వరమని మన పారాసెటమాల్ బిళ్ళ చిదిమి పోయొద్దు. ఒక్క బిళ్ళ పిల్లిని చంపుతుంది.

గ్రూపులో ఒక పెద్దాయన వళ్ళలార్ పేరు తెచ్చి జీవకారుణ్యం గురించి రాసినారు. ఆయన మీద మాకూ గౌరవమే. 1867లో వడలూరులో ఆయన వెలిగించిన పొయ్యి తినేవాడి ఆకలి తీరడానికి. పెట్టేవాడి మనసు నిండడానికి కాదు. మన చిప్ప ఎవరి కోసం, అన్నగారూ?

మేము ఏళ్ళ తరబడి పార్సల్ ఆఫీసులో కూర్చున్నవాళ్ళం. మూట చేత్తో ఎత్తి “ఇంత ఉంటుంది లే” అంటే రసీదు రాయము. కాటా మీద పెట్టాల, అంకె రాయాల. మన రాష్ట్రమే ఈ పాఠం దేశానికి చెప్పింది. 1980లో మొదలైన పోషకాహార పథకంలో చిన్న పిల్లల్ని నెలనెలా తూచి, బరువు ఎక్కని బిడ్డను కనిపెట్టి అదనపు తిండి పెట్టినారు. 1982లో సత్తుణవు వచ్చింది, తర్వాత అందులోకి గుడ్డూ వచ్చింది. అప్పుడూ గుడ్డెందుకు అన్నవాళ్ళున్నారు. పిల్లలకు ఏమి కావాలో చూసి పెట్టినారు కాబట్టే ఈ రోజు ఎవరూ అడగడం లేదు.

మేము చేసింది పెద్ద విద్య ఏమీ కాదు. డాక్టరు బరువు చూసి పురుగుల మందు ఇచ్చినారు. గోమార్లను సన్న దువ్వెనతో దువ్వి తీస్తిమి. సీసాలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి పక్కన పెడితిమి. ఒళ్ళు చల్లగా ఉన్న కూనకు తిండి పెట్టకూడదు, ముందు వెచ్చబెట్టాల. పిల్లి కూనల కోసమే అమ్మే పాలపొడి తెప్పించి, అదే కంపెనీ కూనల తిండిలో కలిపి మెత్తగా చేస్తిమి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం కొంచెం నలిపి పెడితిమి. వట్టి మాంసమే రోజూ పెట్టకూడదు, ఎముకకు కావలసిన సున్నం అందులో లేదు. ఒకేసారి కుక్కకుండా మూడు నాలుగు గంటలకొకసారి కొంచెం కొంచెం. రోజూ పొద్దున తిండికి ముందు కాటా, పక్కన పాత డైరీ.

మొదటి రెండు రోజులు 340 కాస్తా 335 అయింది. ఇంటామె ఆ రాత్రి నిద్రపోలేదు. పదో రోజుకు 420. ఇరవై ఒకటో రోజుకు 610. ఇప్పుడు అది మా కిటికీ తెర చింపుతా ఉంది. చింపనీ.

పెద్ద కూనలకే ఇంత. కళ్ళు తెరవనివి దొరికితే ఇంకా కష్టం, రాత్రంతా లేవాల. బిడ్డను పట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టి పాలు పట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచి పట్టాల. నేరుగా డాక్టరు దగ్గరికి పోవడమే మేలు.

వచ్చే సమావేశంలో మండపం పిల్లులకు రోజూ అర లీటరు పాలు అని ఒక తీర్మానం పెడుతున్నారు. మేము దాన్ని వ్యతిరేకిస్తాము. మమ్మల్ని దయలేనివాళ్ళు అన్నా సరే. ఆ డబ్బుతో ఒక డబ్బా పాలపొడి, పురుగుల మందు, డాక్టరు దగ్గరికి ఆటో ఖర్చు పెట్టండి. పెద్ద పిల్లులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి. లేకపోతే వచ్చే ఏడు కట్టెల కొట్టంలో ఇంకో మూడు కూనలు ఉంటాయి. మండపం ఆవరణలో మాంసం రాకూడదు అనే నియమానికి మేము అడ్డం రాము. కూనలను మా ఇంటికి పంపండి, మా ఇంట్లో వండుతాము.

కాటా మేమే కొనిస్తాము, ఆఫీసు బీరువాలో పెట్టండి. పక్కన ఒక నోటు పుస్తకం కూడా. కూనకు ఎవరు ఏమి పెట్టినా, మరుసటి పొద్దున అది ఎన్ని గ్రాములుందో అందులో రాయాల.

ఇట్లు,
మీ పాత పార్సల్ గుమాస్తా, ఇంటామె
ధర్మపురి