ఇంట్లో విజ్ఞానం: తీగ మోసే బరువు

పిల్లలూ!

బస్తాలు మోసే మనిషి, బరువు ఎక్కువైతే "ఇంక నా వల్ల కాదు" అంటాడు. బండి లాగే ఎద్దు లాగలేకపోతే ఆగిపోతుంది. కరెంటు తీగ మటుకు అలా కాదు. మోయలేనంత బరువు పెట్టినా మోస్తూనే ఉంటుంది. నోరెత్తదు. లోలోపలే వేడెక్కి కాలిపోతుంది. ఈ నెల ఆ సంగతి చెప్పుకుందాం.

మైలవరంలో ఒక ఇల్లు ఉన్నదనుకోండి. మే నెల. తోటల్లో మామిడికాయలు కోతకు వచ్చాయి. సెలవులకు అమ్మమ్మగారింటికి వచ్చిన చిన్నవాడు ఆవకాయ పెట్టే సందడి చూస్తున్నాడు. సరిగ్గా ఆనాడే గ్యాసు అయిపోయింది. అమ్మమ్మ ఇండక్షన్ స్టవ్వు మీద అన్నం వండమన్నది. లావు ప్లగ్గు పట్టే సాకెట్టు ఆ ఇంట్లో వంటింటి గోడకు ఒక్కటే ఉన్నది. మామయ్య ఆ సాకెట్టుకు ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి, తీగను వసారాలోకి లాగాడు. బాక్సులో ఒక చోట స్టవ్వు, ఇంకొక చోట ఆవాలు కొట్టే మిక్సీ పెట్టాడు. మిగిలిన తీగను చుట్ట చుట్టి, కాళ్ళకు అడ్డం రాకుండా చాప కిందికి తోశాడు.

"మామయ్యా, రెండూ ఒకదానికే పెట్టొచ్చా?" అని అడిగాడు చిన్నవాడు.

"ఏం ఫరవాలేదురా. ఎక్కువైతే ఎమ్‌సీబీ దానంతటదే పడిపోతుంది," అన్నాడు మామయ్య.

కొంతసేపు గడిచింది. ఎమ్‌సీబీ పడలేదు. కాని ఏదో కమురు కంపు కొట్టింది.

"ఆవాలు గాని మాడుతున్నాయేమిట్రా?" అన్నది అమ్మమ్మ.

మిక్సీలో ఆవాలు మాడటమేమిటి? చిన్నవాడు చుట్టూ చూశాడు. చాప అంచు నుంచి సన్నగా పొగ వస్తున్నది! వాడు చాపనూ ముట్టుకోలేదు, తీగనూ ముట్టుకోలేదు. "మామయ్యా, గోడ స్విచ్చి కట్టెయ్యి!" అని కేక పెట్టాడు. మామయ్య పరుగున వెళ్ళి స్విచ్చి కట్టేసి, ప్లగ్గు ఊడదీశాడు. కాసేపాగి చాప ఎత్తి చూస్తే, తీగ పైతొడుగు మెత్తబడి, చుట్టలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఇంకొంచెం ఆలస్యమైతే చాప అంటుకునేదే.

మరి ఎమ్‌సీబీ ఎందుకు పడలేదు? అది చెడిపోయిందా? లేదు. దాని పని అది సరిగ్గానే చేసింది. ఎలాగో లెక్క వేసి చూద్దాం.

మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. ఏ వస్తువు మీదనైనా ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. ఆ వాట్లను 230తో భాగిస్తే, అది ఎన్ని ఆంపియర్ల కరెంటు తీసుకుంటుందో ఇంచుమించుగా తెలుస్తుంది. స్టవ్వు 2000 వాట్లు, అంటే 8.7 ఆంపియర్లు. మిక్సీ 750 వాట్లు, అంటే 3.3 ఆంపియర్లు. రెండూ కలిపితే 12 ఆంపియర్లు. మామయ్య తెచ్చిన బాక్సు మీద ఉన్న అంకె మాత్రం 6 ఆంపియర్లు! అంటే అది మోయగలిగింది 1380 వాట్లే. దాని మీద 2750 వాట్లు పడ్డాయి.

బరువు రెండింతలైంది గనక వేడి కూడా రెండింతలే అవుతుందనుకుంటున్నారా? అక్కడే ఉన్నది చిక్కు. ఇంగ్లండులో సాల్ఫర్డు అనే ఊళ్ళో 1818లో జేమ్స్ జౌల్ అనే ఆయన పుట్టాడు. తీగలో కరెంటు పారుతుంటే ఎంత వేడి పుడుతుందో ఆయన ప్రయోగాలు చేసి, ఫలితాలను 1841లో ప్రకటించాడు. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు! మామయ్య తీగలో పుట్టింది నాలుగింతల వేడి అన్నమాట.

ఇక ఎమ్‌సీబీ సంగతి. కృష్ణా డెల్టాలో కాలువలు చూశారు గదా! లాకుల దగ్గర లస్కరు ఉంటాడు. పెద్ద కాలువలో నీరు గట్టు దాటకుండా చూడటం అతని పని. ఎక్కడో ఒక రైతు తన చిన్న బోదెలోకి పట్టనంత నీరు వదులుకుంటే, బోదె గట్టుకు గండి పడుతుంది. లస్కరుకు ఆ సంగతి తెలియదు. ఆయన చూసే కాలువ గట్టు బాగానే ఉంది మరి!

ఎమ్‌సీబీ కూడా ఆ లస్కరు లాంటిదే. గోడలో ఉన్న లావు తీగను కాపాడటానికి దాన్ని పెట్టారు. ఆ ఇంట్లో దాని మీద ఉన్న అంకె 16 ఆంపియర్లు. పారింది 12 మాత్రమే. అది ఎందుకు పడుతుంది? గోడ బయట మనం తగిలించిన సన్న తీగ సంగతి దానికి తెలియదు.

వెనక కరెంటుకు కొదవ లేదు. బెజవాడ నుంచి మైలవరం వెళ్ళే దారిలో ఇబ్రహీంపట్నం దగ్గర నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. 1979లో అక్కడ మొదలైన మొట్టమొదటి యూనిట్ ఒక్కటే 210 మెగావాట్లది. అంటే 21 కోట్ల వాట్లు! అడిగినంతా ఇవ్వటానికి కరెంటు సిద్ధంగా ఉంటుంది. ఎంత అడగాలో చూసుకోవలసింది మనమే.

మామయ్య ఇంకొక పొరపాటు కూడా చేశాడు. పరిచి ఉన్న తీగ తన వేడిని గాలికి వదులుతుంది. చుట్టి చాప కింద పెడితే ఆ వేడి ఎక్కడికి పోతుంది? పైగా అది ఎండాకాలం. మామూలు తీగల మీది పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల వేడిదాకా ఓర్చుకుంటుంది. చలికాలం గది 20 డిగ్రీలుంటే తీగ ఇంకో 50 డిగ్రీలు వేడెక్కవచ్చు. మే నెలలో గదే 40 డిగ్రీలుంటే మిగిలింది 30 మాత్రమే. నిరుడు సంక్రాంతికి ఏమీ కాని తీగ మేలో కమరటం వింత కాదు.

ఇప్పుడు పెద్దలకు నాలుగు మాటలు. గీజరు, ఏ.సి., ఇండక్షన్ స్టవ్వు, నీళ్ళు కాచే రాడ్డు వంటివాటిని ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టకండి. వాటికి గోడలో వేరే 16 ఆంపియర్ల సాకెట్టు పెట్టించండి. ఆ ఖర్చు ఇల్లు కాలితే అయ్యే ఖర్చు కంటే చాలా తక్కువ. బాక్సు కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు, ఆంపియర్ల అంకె చూడండి. ఒక బాక్సుకు ఇంకొక బాక్సు తగిలించకండి. లావు ప్లగ్గును సన్న సాకెట్టులో పెట్టే కన్వర్టర్లు వాడకండి. ప్లగ్గు లావుగా చేసింది "ఇక్కడ పెట్టవద్దు" అని చెప్పటానికే. తీగ కొసలు బెజ్జాల్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చే అలవాటు ఉంటే ఈనాడే మానెయ్యండి. మూడో పిన్నును విరగగొట్టకండి. అది ఎర్తు, షాకు నుంచి ప్రాణం కాపాడేది అదే.

పిల్లలూ, ఈ నెల మీకొక పని. ఒక కాగితం తీసుకుని మీ ఇంట్లో ఉన్న వస్తువుల పేర్లు రాయండి. ఒక్కొక్కదాని వాట్లు ఎన్నో అమ్మనో నాన్ననో చదివి చెప్పమనండి. 230తో భాగించి ఆంపియర్లు కట్టండి. తరువాత మీ ఇంట్లో బాక్సు మీద ఉన్న అంకె ఎంతో అడిగి తెలుసుకోండి. ఏవేవి కలిపి పెట్టకూడదో మీకే తెలిసిపోతుంది. ఆ కాగితాన్ని గోడకు అంటించండి. ప్లగ్గులూ తీగలూ మటుకు మీరు విప్పవద్దు సుమా!

ఎప్పుడైనా కమురు కంపు వచ్చినా, ప్లగ్గు నల్లబడినా, సాకెట్టులో చిటపటమన్నా, ముట్టుకోకుండా పెద్దవాళ్ళను పిలవండి. మంట కనిపిస్తే నీళ్ళు పొయ్యవద్దు. పెద్దవాళ్ళు మెయిన్ స్విచ్చి కట్టెయ్యాలి. అది చేతికి అందకపోతే అందరూ బయటికి వచ్చి 101కి ఫోను చెయ్యాలి.

ఆ చిన్నవాడు చేసింది గొప్ప సాహసమేమీ కాదు. ముక్కుకు తెలిసినదాన్ని నోటితో చెప్పాడు, అంతే. తీగకు నోరు లేదు గనక, దాని తరఫున మనమే చెప్పాలి.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.