పట్టాలకు ఉన్న లెక్క కంప్యూటర్‌కు లేదా?

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తయారయ్యే మీటరుకు 60 కిలోల రైలు పట్టా 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్ మార్గం మీద ఎక్కడైనా సరిపోతుంది. అయినా రైల్వే ఇంజనీర్లు దాన్ని దేశమంతా ఒకేలా బిగించరు. పొడవైన వెల్డింగ్ పట్టాలు వేయడానికి దేశాన్ని నాలుగు ఉష్ణోగ్రత మండలాలుగా విభజించుకున్నారు. ఆ చోట ఏడాదిలో పట్టా ఎంత చల్లబడుతుంది, ఎంత వేడెక్కుతుంది అన్నది చూసి, ఏ ఉష్ణోగ్రత దగ్గర బిగించాలో నిర్ణయిస్తారు. కొలత కుదరడం ఒక లెక్క, ఊరి ఎండకు కుదరడం ఇంకో లెక్క. రెండూ చూస్తేనే పట్టా వంకర పోకుండా ఉంటుంది.

అదే భిలాయ్‌లో సొంతంగా గేమింగ్ కంప్యూటర్ కట్టుకునే విద్యార్థులు మొదటి లెక్క మాత్రమే చూస్తున్నారు. తప్పు వాళ్లది కాదు. రెండో లెక్క వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.

మొదటి లెక్క ఇప్పుడు చాలా తేలికైంది. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం వల్ల మదర్‌బోర్డు కొలతలు, మరల చోట్లు, పవర్ సప్లై ఆకారం ఒక కట్టుబాటులోకి వచ్చాయి. ప్రాసెసర్‌కు తగిన సాకెట్ ఉందా, ర్యామ్ ఏ తరానిది అని చూసుకుంటే సగం పని అయినట్టే. ఏఎండీ ఏఎం5 బోర్డులు డీడీఆర్5 మాత్రమే తీసుకుంటాయి. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో డీడీఆర్4కు వేరు, డీడీఆర్5కు వేరు. రెండు రకాల ర్యామ్‌కూ పిన్నులు 288 చొప్పునే ఉన్నా గాడి ఉన్న చోటు మారుతుంది కాబట్టి ఒకటి ఇంకొకదానిలో దిగదు. గ్రాఫిక్స్ కార్డు పొడవు క్యాబినెట్‌లో పడుతుందా, ప్రాసెసర్ మీది కూలర్ ఎత్తుకు పక్క తలుపు మూసుకుంటుందా అన్నది టేపు పెట్టి తేల్చుకోవచ్చు. ఇవన్నీ పొరపాటైతే వెంటనే తెలిసిపోతాయి, దుకాణంలో మార్చుకోవచ్చు. రెండో లెక్కలో పొరపాటైతే తెలిసేది మే నెలలో.

ప్రాసెసర్ కూలర్ చేసే పని చిప్‌లోని వేడిని చుట్టూ ఉన్న గాలికి అప్పగించడం. ఎంత వేడి పోతుందన్నది చిప్‌కూ గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడా మీద ఆధారపడుతుంది. ఏఎండీ రైజెన్ 7000 శ్రేణిలో చాలా చిప్‌లకు హద్దు 95 డిగ్రీలు. కూలర్‌కు అందే గాలి 25 డిగ్రీలుంటే తేడా 70 డిగ్రీలు. ఒక కూలర్ ఆ తేడాతో 140 వాట్ల వేడిని తీసేయగలదనుకుందాం. గాలి 40 డిగ్రీలైతే తేడా 55కి పడిపోతుంది. అదే కూలర్ ఇప్పుడు 110 వాట్లే తీయగలదు. కూలర్ పాడవలేదు, ఫ్యాన్ అలాగే తిరుగుతోంది, 30 వాట్ల సామర్థ్యం మాత్రం ఎండకు పోయింది. చిప్ కాలిపోదు, తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఆట తడబడుతుంది. కుర్రవాడు గ్రాఫిక్స్ కార్డు చాలలేదేమో అనుకుని ఇంకా పెద్దది కొనాలని చూస్తాడు.

దుర్గ్, భిలాయ్ ప్రాంతంలో వేసవి మధ్యాహ్నం 44, 45 డిగ్రీలు కొత్త కాదు. గదిలో అంత ఉండదు గానీ, క్యాబినెట్ లోపలి గాలి గది గాలికన్నా ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. మొత్తం 500 వాట్లు వాడే కంప్యూటర్‌లోంచి ఫ్యాన్లు సెకనుకు 40 లీటర్ల గాలి లాగేస్తే, ఆ గాలి లోపలికి వెళ్లినప్పటికన్నా 10 డిగ్రీలు వేడెక్కి బయటికి వస్తుంది. ముందువైపు అద్దం బిగించిన క్యాబినెట్‌లో గాలి సగమే వస్తే ఆ పెరుగుదల 20 డిగ్రీలు. రంగు దీపాల క్యాబినెట్ చూడటానికి బాగుంటుంది. వైజ్ఞానికంగా చూస్తే అది పొయ్యికి మూత పెట్టడమే. ఆ డబ్బు జాలీ ముఖం ఉన్న సాదా క్యాబినెట్‌కు, దుమ్ము వడపోతకు, ఒక ఫ్యాన్‌కు పెడితే ఎంతో నయం. వాటర్ కూలింగ్ పెట్టుకుంటే గది వేడితో పనిలేదనే మాట కూడా నిజం కాదు. ఆ నీటిని చల్లార్చే రేడియేటర్ మీదుగా పోయేదీ గదిలోని గాలే.

ఉక్కు నగరంలో ఇంటింటా కనిపించే ఎడారి కూలర్ విషయం ఒకటుంది. పొడి ఎండలో అది గదిని పది డిగ్రీలదాకా చల్లబరచగలదు. కంప్యూటర్‌కు అది మేలే. కానీ సరిగ్గా దాని గాలికి ఎదురుగా పెడితే తేమ, సన్నని తుంపర లోపలికి చేరతాయి. అప్పటికే పేరుకున్న దుమ్ము తడిసి ముద్దై రెక్కలకు అంటుకుంటుంది. గది చల్లబడాలి, గాలి నేరుగా తగలకూడదు.

అన్నిటికన్నా అన్యాయం జరుగుతున్నది పవర్ సప్లైకి. కర్మాగారంలో కొలువు కోసం దశాబ్దాల కిందట తెలుగు జిల్లాల నుంచి వెళ్లి సెక్టార్లలో స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో పిల్లవాడికి కంప్యూటర్ అంటే నెలల తరబడి కూడబెట్టిన డబ్బు. అందులో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుకు పోతుంది, చివరికి మిగిలినదాంతో పవర్ సప్లై వస్తుంది. వరుస తలకిందులైంది. గ్రాఫిక్స్ కార్డు పాడైతే ఆగేది ఆట. నాసిరకం పవర్ సప్లై పాడైతే బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోవచ్చు.

కార్డుకు 300 వాట్లు, ప్రాసెసర్‌కు 120, మిగతావాటికి 60 అంటే మొత్తం 480 వాట్లు. 500 వాట్ల పవర్ సప్లై చాలుతుందనిపిస్తుంది. చాలదు. కార్డు తీసుకునే కరెంటు క్షణాల్లో ఎగిసిపడుతుంది. అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, 100 మైక్రోసెకన్లపాటు రెట్టింపు భారాన్ని కూడా తట్టుకోవాలని కోరుతుంది. పైగా పెట్టె మీది వాట్లు ఏ ఉష్ణోగ్రత దగ్గరివో అందరూ ఒకేలా చెప్పరు. కొందరు 40 డిగ్రీల దగ్గర చెబుతారు, కొందరు 50 దగ్గర, చవక రకాల మీద ఆ ఊసే ఉండదు. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు ఒక మోటు లెక్క ఉంది: ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. కాబట్టి ఆ 480 వాట్లకు 650 వాట్ల మంచి రకం తీసుకోవడం దుబారా కాదు.

తీగల కూడలి కూడా పట్టించుకోవలసిందే. కొత్త పెద్ద కార్డుల కనెక్టర్ 12 వోల్టుల దగ్గర 600 వాట్లు మోయాలి, అంటే 50 ఆంపియర్లు. ఆరు పిన్నులు పంచుకుంటే ఒక్కోదానికి 8 ఆంపియర్లకు పైమాటే. కాస్త వదులుగా కూర్చుంటే తాకే చోట నిరోధం పెరిగి వేడి పుడుతుంది. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల కనెక్టర్లు కరిగిన ఉదంతాలు బయటపడినప్పుడు, పూర్తిగా లోపలికి నొక్కకపోవడమే ప్రధాన కారణమని ఎన్విడియా చెప్పింది. తరవాత పిన్నుల పొడవు మార్చి కొత్త రూపం తెచ్చారు.

యూపీఎస్ దగ్గర ఇంకో చిక్కు. 600 వీఏ అని రాసి ఉన్నదాన్ని చాలామంది 600 వాట్లనుకుంటారు. ఈ రకాలు సాధారణంగా ఇచ్చేది 360 వాట్లు. ఆట మధ్యలో కరెంటు పోతే ఆదుకోవలసిన పెట్టె, సరిగ్గా అప్పుడే చేతులెత్తేస్తుంది.

వీటన్నిటినీ కొనేవాడి తెలివికి వదిలేయడం సరికాదు. పవర్ సప్లై మీద కనిపించే 80 ప్లస్ ముద్రకు పరీక్ష జరిగేది 23 డిగ్రీల గాలిలో. అది ఎంత విద్యుత్తు వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది, ఎండలో ఎంత భారం మోస్తుందో చెప్పదు. మన దేశంలో ఈ సమస్యకు పరిష్కారం ఇంకో వస్తువు విషయంలో ఇప్పటికే ఉంది. ఏసీల స్టార్ రేటింగ్‌కు 2018 నుంచి తప్పనిసరైన ఐసీర్ కొలమానం, 24 నుంచి 43 డిగ్రీలదాకా మన దేశంలో ఏ ఉష్ణోగ్రత ఎన్ని గంటలు ఉంటుందో లెక్కలోకి తీసుకుంటుంది. ఎండను చల్లార్చే యంత్రానికి చేసిన పని, ఎండలో నడిచే యంత్రానికి చేయడం అసాధ్యం కాదు. దేశంలో అమ్మే ప్రతి పవర్ సప్లై మీద 40 డిగ్రీల దగ్గర ఎడతెగకుండా ఇవ్వగల వాట్లు ఎన్నో ముద్రించాలి. కూలర్ల సమీక్షలు రాసేవారు చిప్ ఉష్ణోగ్రతతోపాటు గది ఉష్ణోగ్రతనూ చెప్పాలి. దాన్ని దాచిపెట్టిన సమీక్ష భిలాయ్ పాఠకుడికి పనికిరాదు.

అప్పటిదాకా ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. డిసెంబరులో కంప్యూటర్ కట్టుకున్నవారు బరువైన ఆట అరగంట ఆడి, చిప్ ఉష్ణోగ్రతనూ పక్కనే పెట్టిన మామూలు థర్మామీటర్‌లో గది ఉష్ణోగ్రతనూ రాసుకోవాలి. ఫ్యాన్ల వేగం, భారం మారకపోతే గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ కూడా దాదాపు అన్నే పెరుగుతుంది. గది 20, చిప్ 80 చూపిస్తే, మే నెలలో గది 38 అయినప్పుడు లెక్క 98కి చేరుతుంది, హద్దు దాటినట్టే. పెద్ద కూలర్ కొనాలా, మరో ఫ్యాన్ బిగిస్తే చాలా అని తేల్చుకోవడానికి అప్పటికి ఇంకా నాలుగైదు నెలల వ్యవధి ఉంటుంది.