ఒకే ఉద్యోగి, మూడు బాధ్యతలు

దొంగను పట్టుకునేది పోలీసు, మంటలార్పేది ఫైరింజను సిబ్బంది, గాయానికి కట్టు కట్టేది ఆసుపత్రి సిబ్బంది. ప్రధాన భూభాగంలో ఈ విభజనను ఎవరూ ప్రశ్నించరు. ఒక శాఖ పనిలో మరో శాఖ వేలు పెట్టడాన్ని మన పరిపాలనా యంత్రాంగం సహించదు కూడా. విశాఖ తీరం నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన ఉన్న అండమాన్ నికోబార్ దీవులలో మాత్రం ఈ గీతలు ఏనాడో పలుచబడ్డాయి. అక్కడ అగ్నిమాపక విభాగం చాలాకాలంగా పోలీసు శాఖలో అంతర్భాగంగానే పనిచేస్తున్నది. పోలీసు, అగ్నిమాపక బాధ్యతలు ఒకే గొడుగు కిందికి వచ్చినా, మూడవదైన అత్యవసర వైద్యంలో ఆ సిబ్బందికి ఏ మేరకు శిక్షణ ఇవ్వాలన్నదానిపై ఇప్పటికైనా ఆలోచించవలసి ఉన్నది.

ఉత్తర అండమాన్‌కు తూర్పున వంద కిలోమీటర్లకు పైగా దూరంలో నార్కొండాం అనే చిన్న అగ్నిపర్వత ద్వీపం ఉన్నది. అక్కడ పౌరులెవరూ నివసించరు. ప్రపంచంలో మరెక్కడా కనిపించని ఒక జాతి హార్న్‌బిల్ పక్షులు, ఒక పోలీసు పోస్టు మాత్రమే ఉన్నాయి. ఆ పోస్టులోని కానిస్టేబులు జ్వరపడినా, కాలు విరగ్గొట్టుకున్నా, వంటగది అంటుకున్నా, పక్క కానిస్టేబులే దిక్కు. అతడు ఫైర్‌మన్ కూడా, కాంపౌండరు కూడా. సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజులలో సహాయం పంపాలన్న ఉద్దేశం ఎంత గట్టిదైనా పడవ కదలదు. నార్కొండాం అతిగా కనిపించే ఉదాహరణ కావచ్చు. అయితే జనావాసం ఉన్న దీవుల పరిస్థితి దీనికి పూర్తి భిన్నమైనది కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంతపు జనాభా 3,80,581. వీరిలో ఇంచుమించు 13 శాతం మంది తెలుగు మాతృభాషగా గలవారు. వీరంతా మూడు పదుల దీవులలో చెల్లాచెదురుగా ఉన్నారు. ప్రధాన రెఫరల్ ఆసుపత్రి అయిన గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి ఉన్నది రాజధాని పోర్ట్‌బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరులో ఆ నగరం పేరును శ్రీ విజయపురంగా మార్చారు). దక్షిణాన క్యాంప్‌బెల్ బే అక్కడికి 500 కిలోమీటర్లకు పైగా దూరం. ఉత్తరాన దిగ్లీపూర్ నుంచి రోడ్డు ఉన్నా, ఆ దారి జార్వాల అభయారణ్యం గుండా సాగుతున్నందున అక్కడ వాహనాలను నిర్ణీత వేళలలో పోలీసు రక్షణతో కాన్వాయ్‌లుగా నడుపుతారు. హెలికాప్టరు ఉన్నది గాని, దానికి వాతావరణం అనుకూలించాలి.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ మన రాష్ట్రంలో లక్షలాది మందికి ప్రాణదానం చేసింది. శిక్షణ పొందిన సిబ్బంది, సిద్ధంగా ఉన్న వాహనం, చేరుకోదగిన ఆసుపత్రి, ఈ మూడింటిపైనే ఆ పద్ధతి ఆధారపడి ఉన్నది. నడుమ సముద్రం ఉన్నచోట మూడవది లోపిస్తుంది. 2019 ఫిబ్రవరిలో దీవులకు కూడా 112 అనే ఏకైక అత్యవసర నంబరు వచ్చింది. ఫోను ఒకచోటికి చేరడం మంచిదే. ఆ ఫోను విని బయలుదేరే మనిషి మాటేమిటన్నదే అసలు సమస్య.

గుండె ఆగిపోయిన వ్యక్తికి ఛాతీపై ఒత్తిడి ఇచ్చే ప్రాథమిక చికిత్స అందకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గిపోతుందని వైద్యులు చెబుతున్నారు. నీట మునిగినవారి విషయంలో ఊపిరి అందించడం అంతకంటె తొందర పని. 2014 జనవరి 26న పోర్ట్‌బ్లెయిర్ సమీపంలో పరిమితికి మించి యాత్రికులను ఎక్కించుకున్న ఆక్వా మెరైన్ పడవ మునిగి ఇరవై మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు తమిళనాడు యాత్రికులు. పడవలో ఎంతమంది ఎక్కారో లెక్కించడం పోలీసింగ్. మునిగినవారిని తీయడం రక్షణ. ఒడ్డున ఊపిరి పోయడం వైద్యం. మూడు శాఖల పని ఒక్క గంటలో, ఒక్క రేవులో జరగాలి.

2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ సంగతిని మరింత కఠోరంగా చాటింది. దీవులలో మృతులు, గల్లంతైనవారు కలిసి 3,500 మందికి పైగా ఉన్నారు. ఇందిరా పాయింట్ వద్ద భూమి నాలుగు మీటర్లకు పైగా కుంగింది. జెట్టీలు కొట్టుకుపోయి ఓడలు ఒడ్డుకు చేరలేకపోయాయి. కార్ నికోబార్‌లో వైమానిక దళ స్థావరమే దెబ్బతిన్నది. సహాయ బృందాలు వచ్చేవరకు గాయపడినవారిని చూసుకున్నది అక్కడ అప్పటికే ఉన్నవారు. యాదృచ్ఛికంగా ఆ రోజులలో హామ్ రేడియో ప్రసారాల కోసం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం అందించిన సమాచార సేవ కూడా ఇటువంటిదే.

ఒకే అధికారికి పోలీసు, అగ్నిమాపక, అత్యవసర వైద్య శిక్షణలు మూడూ ఇచ్చే పద్ధతి అమెరికాకు కొత్తది కాదు. మన తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ఎందరో నివసించే కాలిఫోర్నియాలోని సన్నీవేల్ నగరం 1950 నుంచి దీనినే పాటిస్తున్నది. మిషిగన్‌లోని కలమజూ 1982లో ఈ బాట పట్టింది. అయితే సన్నీవేల్‌లో మూడు విద్యలను మూడు అకాడమీలలో నేర్పి, సిబ్బందిని పోలీసు విధులకు, అగ్నిమాపక విధులకు మార్చి మార్చి పంపుతారు. ఇదేమీ ఖర్చు తగ్గించుకునే చిట్కా కాదు. చౌకగా ముగుస్తుందని ఆశించి ఈ పద్ధతిని స్వీకరించిన కొన్ని పట్టణాలు తరువాత శాఖలను మళ్ళీ విడదీసుకున్నాయి.

మన ఆర్థిక శాఖాధికారుల చెవిన ఈ మాట పడటం అవసరం. ముగ్గురి పని ఒక్కరు చేస్తారనగానే రెండు పోస్టులు రద్దు చేయాలన్న ఆలోచన పుట్టడం సహజం. మంటలు ఒకేసారి రెండుచోట్ల లేవవచ్చు. పోలింగు బందోబస్తు రోజున అగ్నిప్రమాదాలు సెలవు తీసుకోవు. రాత్రంతా గస్తీ తిరిగిన కానిస్టేబులు తెల్లవారుజామున నిచ్చెన ఎక్కి హోస్‌పైపు పట్టుకుంటే అతనికే ప్రమాదం. మరో చిక్కు కూడా ఉన్నది. తాగి పడిపోయినవాడో, విషం మింగినదో ఖాకీ దుస్తులను చూసి నిజం చెప్పడానికి జంకవచ్చు. విషం పేరు దాచితే చికిత్స తప్పిపోతుంది. కనుక ప్రాణాపాయంలో ఉన్నవారికి చికిత్స చేసిన ఉద్యోగినే ఆ కేసు దర్యాప్తుకు నియమించరాదన్న నిబంధన తప్పనిసరి.

దీవుల పాలనా యంత్రాంగం చేయవలసినవి అలవికాని పనులేమీ కావు. కానిస్టేబులు, ఫైర్‌మన్ శిక్షణలో రక్తస్రావం ఆపడం, ఛాతీపై ఒత్తిడి ఇవ్వడం, విరిగిన ఎముకను కదలకుండా కట్టడం, కాన్పు సమయంలో చేయదగినవి, చేయరానివి చేర్చాలి. పంత్ ఆసుపత్రి వైద్యుల చేత ఏటా తిరిగి పరీక్ష పెట్టించాలి. అదనపు విద్యకు అదనపు భత్యం చెల్లించాలి. దూర దీవులలోని ప్రతి పోలీసు పోస్టుకూ ఆసుపత్రి డ్యూటీ డాక్టరుతో నేరుగా మాట్లాడే వైర్‌లెస్ సౌకర్యం, ఒక స్ట్రెచరు, గడువు తీరని మందుల పెట్టె ఉండాలి. వచ్చే రుతుపవనాలలో పడవలు నిలిచిపోక ముందే కనీసం ఆ పెట్టెలైనా నార్కొండాం వంటి పోస్టులకు చేర్చాలి.