చంటిబిడ్డకూ ఒక సీటు

సంక్రాంతి ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లే కార్లలోకి పంతంగి టోల్‌గేటు దగ్గర ఒక్కసారి తొంగిచూడండి. స్టీరింగు ముందున్న తండ్రి బెల్టు పెట్టుకునే ఉంటాడు. చంటిబిడ్డ అమ్మ ఒళ్లోనో, నాలుగేళ్ల పిల్లాడు రెండు సీట్ల నడుమ నిలబడో కనిపిస్తారు. ప్రేమ లేక కాదు, ఒడిని మించిన చోటు బిడ్డకు లేదన్న నమ్మకం వల్లే ఇలా జరుగుతోంది. కదిలే కారులో ఆ నమ్మకం ప్రాణాంతకం.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకుందాం. లోపలున్న మనిషిని ఆపాలంటే అతని బరువుకు దాదాపు 14 రెట్ల బలం కావాలి. అంటే పది కిలోల బిడ్డను పట్టుకోవడానికి ఆ క్షణాన 140 కిలోలను ఆపగల చేతులుండాలి. తల్లికి బెల్టు లేకపోతే ఆమె బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ ముప్పు అదనం. పెద్దల ఛాతీని కాపాడాలని రెప్పపాటులో విచ్చుకునే ఆ సంచి పసివాళ్ల ముఖానికీ మెడకూ తగులుతుంది. 2024లో కేరళలోని మలప్పురం జిల్లాలో తల్లి ఒళ్లో ఉన్న రెండేళ్ల పాప అలాగే కన్నుమూసింది. అందుకే పసిబిడ్డను వెనక సీట్లో, కారు వెనక్కి ముఖం ఉండేలా బిగించిన చైల్డ్ సీటులో కూర్చోబెట్టాలి. అప్పుడు దెబ్బ లేత మెడ మీద పడకుండా వీపంతటా పరుచుకుంటుంది. తగిన సీటు వాడితే శిశు మరణాలు 71 శాతం దాకా తగ్గించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఖరీదెక్కువ అంటారు. నిజమే, కొన్ని వేలు అవుతుంది. కానీ లక్షలు పోసి కారు కొన్నవారు సీటు కవర్లకూ, మ్యూజిక్ సిస్టమ్‌కూ పెట్టే ఖర్చును మించదు. పిల్లలు ఏడుస్తారంటారు. మొదటి ప్రయాణం నుంచీ అలవాటు చేస్తే అదే తమ చోటనుకుంటారు. దూరప్రయాణంలో మధ్యమధ్య ఆపి దించితే చాలు. ఏడుపు మరీ ఎక్కువైతే కారు పక్కకు ఆపాలి తప్ప నడుస్తుండగా బిడ్డను సీటులోంచి తీయకూడదు. దగ్గరికే కదా అన్న మాటా చెల్లదు. 50 కిలోమీటర్ల వేగం ఊళ్లో ఫ్లైఓవర్ మీద రోజూ వెళ్లేదే. ఇంటిల్లిపాదీ ఒకే కారులో పట్టాలంటే బిడ్డకు సీటెక్కడిదని అడిగేవారికి జవాబు కష్టంగానే ఉంటుంది: పెద్దవాళ్లలో ఒకరు బస్సెక్కాలి.

చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో వచ్చిన 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా. హెల్మెట్ లేనివారిని ఆపినంత పట్టుదలగా ఈ తప్పుకు మన పోలీసులు కారును ఆపడం లేదు. కార్లను గుద్దించి చూసి భద్రతకు నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు కూడా 2023లో మొదలయ్యాయి. వాటిలో పిల్లల భద్రతకు ఇచ్చే మార్కులు ప్రధానంగా పిల్లల నమూనా బొమ్మలను చైల్డ్ సీట్లలో కూర్చోబెట్టి తేల్చినవే. ఆ సీటు లేని ఇంటికి పిల్లల విషయంలో షోరూములో చూపించిన నక్షత్రాలు వర్తించవు. ఆ సంగతి అమ్మేవారే కొనేవారికి చెప్పాలి. టోల్‌గేట్ల దగ్గర తనిఖీలు జరగాలి. ప్రసూతి ఆసుపత్రులు టీకాల పట్టికతోపాటు చైల్డ్ సీటు గురించీ తల్లిదండ్రులకు వివరించాలి. ఇవన్నీ జరిగేదాకా ఆగనక్కర్లేదు. బిడ్డకు సీటు బిగించనిదే కారు కదలదన్న నియమం ఏ ఇంట్లోనైనా ఈ రోజే పెట్టుకోవచ్చు.